పేదవాని ఫోను ఎవరి సొత్తు?

2010వ సంవత్సరపు శరత్కాలమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో క్రికెట్ అను చౌక వైర్లెస్ కంపెనీవారి దుకాణములలోనికి ఒక ఫోను వచ్చినది. దాని పేరు హువావే అసెండ్. వెల సుమారు 150 డాలర్లు. సంతకము లేదు, పూచీ లేదు, రెండేండ్ల ఒడంబడిక లేదు. సొమ్ము చెల్లించి జేబులో వేసికొని వెళ్లిపోవచ్చును. మెట్రోపీసీఎస్ అను తోడి కంపెనీవారును దీనిని అమ్మిరి. మూడున్నర అంగుళముల తెర, 528 మెగాహెర్ట్సుల ప్రాసెసరు, ఆండ్రాయిడ్ 2.1 సాఫ్టువేరు. నాటి మేలురకపు ఫోనుల ప్రక్కను నిలిపి చూచినచో ఇది జాతిగుఱ్ఱముల సరసను తట్టువవలె నుండెననుట నిజమే. దీనిని చూచి పెదవి విఱిచినవారు కలరు. పేదవాని ఆటబొమ్మ యని తేల్చివేసినవారును కలరు.

మేమా మాట నంగీకరింపము. తట్టువయైనను బరువు మోయును, ఊరు చేర్చును. కూలికి పోవువాడు, హోటలులో గిన్నెలు కడుగువాడు, రాత్రి కాపలా కాయువాడు, వీరలచేతికి ఇంటర్నెట్టు తొలిసారిగా వచ్చినది ఇట్టి ఫోనులతోనే. పని ఎక్కడ నున్నదో వెదకుటకు, బస్సు ఎప్పుడు వచ్చునో చూచుకొనుటకు, బిడ్డ చదువుచున్న బడినుండి వచ్చిన లేఖను చదువుకొనుటకు ఆ మూడున్నర అంగుళముల తెర చాలియుండెను. కావున దానిని ఎగతాళి చేయువారితో మాకు పొత్తు లేదు. మా తగవు వేఱు. ఆ ఫోనును అమ్మిన పద్ధతితోను, అమ్మిన పిదపగూడ దానిపై అమ్మకందారులు నిలుపుకొన్న అధికారముతోను మాకు తగవు.

పాఠకులు మొదట ఆ దేశపు వ్యాపారపు తీరును తెలిసికొనవలెను. అక్కడి పెద్ద కంపెనీలు ఆ దినములలో ఫోనును తక్కువ ధర కిచ్చినట్లు కనబఱచి, మిగిలిన ధరను నెలసరి రుసుములో కలిపి రాబట్టుకొనుచుండెడివి. 2010 జూనులో వచ్చిన ఐఫోను 4 ప్రకటిత ధర 199 డాలర్లు. అయితే దానితో రెండేండ్ల ఒడంబడికకు కట్టుబడవలెను. ఒడంబడికకు ముందు కంపెనీవారు కొనువాని ఋణచరిత్రను తవ్వి చూచెదరు. బాకీ తప్పినవాడు, బ్యాంకి మొగము చూడనివాడు, కొత్తగా దేశములో దిగినవాడు, వీరికి తలుపు మూయుదురు. లేదా వందల డాలర్ల ధరావతు కట్టుమందురు. నడుమ మానుకొందమన్న జరిమానా. ఆ జరిమానాను వెరైజన్ కంపెనీ 2009 నవంబరులో కొన్ని ఫోనులకు 350 డాలర్లకు పెంచినది. ఏటీఅండ్‌టీ 2010 జూనులో 325 డాలర్లు చేసినది. పెండ్లికి పిలిచి తలుపు గొళ్లెము వేయుట యన్న నిదియే.

లెక్క చూతము. ఏటీఅండ్‌టీ వారి ఒడంబడికలో మాటలకు నెలకు 39.99 డాలర్లు, రెండు గిగాబైట్ల డేటాకు 25 డాలర్లు. ఇరువదినాలుగు నెలలకు ఫోను వెలతో కలిపి 1,750 డాలర్లకు పైమాట. వార్తాసందేశములకును, పన్నులకును వేఱు. క్రికెట్‌వారి స్మార్టుఫోను పథకము నెలకు 55 డాలర్లు. ఫోను వెల 150. రెండేండ్లకు 1,470. ఈ లెక్కలో పేదవానికి మిగిలినది మూడువందల డాలర్లకు దగ్గఱ. కాని మేము చూపదలచిన విషయ మది కాదు. ధనికుని ఫోను వెలలో అధికభాగమును కంపెనీ ముందుగా పెట్టుబడి పెట్టినది. పేదవాని ఫోనులో వెల మొత్తము పేదవాడే, మొదటి దినముననే, చేతి సొమ్ము లెక్కించి యిచ్చినాడు. అప్పు లేదు. ఎవరికిని బాకీ లేడు. ఈ సంగతిని పాఠకులు మనసున నుంచుకొందురు గాక. ఇక ముందు వచ్చెడి వాదమంతయు దీనిపైననే నిలుచును.

ఈ చౌక కంపెనీలకు దక్కవలసిన మెప్పును మేము దాచము. క్వాల్‌కామ్ నుండి 1998లో వేఱుపడిన లీప్ వైర్లెస్ అను సంస్థ 1999లో టెనెసీ రాష్ట్రపు చట్టనూగా నగరమున క్రికెట్‌ను మొదలుపెట్టినది. నిమిషమునకు ఇంత యని గడియారము పట్టుకొని రుసుము వసూలు చేయు కాలమున, నెల కొకే రుసుము కట్టి ఊరిలో ఎంతసేపైనను మాటలాడుకొమ్మని చెప్పిన సాహసము వారిది. ఆ సాహసమునకు ఫలముగా 2003లో దివాలా కోర్టు మెట్లెక్కిరి. 2004లో మఱల లేచి నిలిచిరి. మెట్రోపీసీఎస్ వారు 2010 జనవరిలో పన్నులును రుసుములును కలిపియే 40 డాలర్లనుండి పథకములు ప్రకటించిరి. చీటీలో ఒక అంకె, బిల్లులో మఱియొక అంకె కనబడుటకు అలవాటుపడిన దేశములో అది చిన్న విషయము కాదు. అంతేకాదు. అమెరికాలో ఎల్‌టీఈ అను నాలుగవ తరపు నెట్‌వర్కుపై పనిచేయు ఫోనును మొట్టమొదట జనులకు అమ్మినది పెద్ద కంపెనీలు కావు. 2010 సెప్టెంబరులో లాస్ వేగస్ నగరమున, శాంసంగ్ క్రాఫ్ట్ అను ఫోనుతో, ఈ మెట్రోపీసీఎస్ వారే. పేదల కంపెనీ యనగా పాతసామాను కంపెనీ యనుకొనువారు ఈ తేదీని జ్ఞాపకముంచుకొనవలెను.

ఈ కంపెనీ ముఖ్యస్థానము ఆ దినములలో టెక్సస్ రాష్ట్రమున డల్లాసు ప్రక్కనున్న రిచర్డ్‌సన్‌లో నుండెను. ఆ పరిసరములలో మన తెలుగువారు నేడెంతమంది యున్నారో పాఠకు లెఱుగుదురు. పరదేశమునుండి చదువునకు వచ్చిన విద్యార్థికి దిగిన దినమున ఋణచరిత్ర ఎక్కడినుండి వచ్చును? అట్టివానికిని, ఆ దేశపు నిరుపేదకును, ఈ విషయమున ఒకటే వరుస. ముందు సొమ్ము చెల్లించు కంపెనీ తలుపే వారికి తలుపు.

ఇట్లు మెప్పు చెప్పి, ఇక చెప్పవలసినదానికి వత్తము.

క్రికెట్, మెట్రోపీసీఎస్ కంపెనీల నెట్‌వర్కులు సీడీఎమ్‌ఏ అను పద్ధతివి. మన దేశమున ఎక్కువమంది వాడిన జీఎస్‌ఎమ్ పద్ధతిలో సిమ్ముకార్డు నొక ఫోనునుండి తీసి మఱియొక ఫోనులో పెట్టవచ్చును. ఫోను వేఱు, కంపెనీ వేఱు. ఆ సీడీఎమ్‌ఏ ఫోనులలో సిమ్ము లేదు. ప్రతి ఫోనునకును పుట్టుకతో ఒక సంఖ్య యుండును. ఆ సంఖ్య కంపెనీ పుస్తకములో ఎక్కిననే ఫోను మాటలాడును, ఎక్కకున్న మూగ. కావున అసెండ్ ఫోనును నిండువెల యిచ్చి కొన్నవాడు, క్రికెట్‌వారి సేవ నచ్చక వేఱొక కంపెనీకి పోదమనుకొనిన, ఆ కంపెనీ దయతలచి తన పుస్తకములో వ్రాసికొనవలెను. దయ తలచుట వ్యాపారులకు అరుదు. ఇందు విచిత్రమేమన, మెట్రోపీసీఎస్ వారే 2008లో మెట్రోఫ్లాష్ అను పేర, ఇతర కంపెనీల సీడీఎమ్‌ఏ ఫోనులను తెచ్చిన తమ నెట్‌వర్కునకు మార్చి యిచ్చెదమని చాటించిరి. అనగా ఫోను మారుట అసాధ్యము కాదు. సాంకేతికవిద్య అడ్డు కాదు. అడ్డు మనసునందున్నది, మనసు లాభమునందున్నది.

తరువాత జరిగిన కథ వినుడు. 2013 మే 1న మెట్రోపీసీఎస్ టీమొబైల్‌లో కలిసిపోయినది. 2014 మార్చిలో లీప్ సంస్థను ఏటీఅండ్‌టీ కొనివేసినది. కొన్న రెండు పెద్ద కంపెనీలవి వేఱు పద్ధతి నెట్‌వర్కులు. 2015వ సంవత్సరమున ఈ రెండు సీడీఎమ్‌ఏ నెట్‌వర్కులును ఆరిపోయినవి. ఫోను పాడుకాలేదు, తెర పగులలేదు, బ్యాటరీ చచ్చిపోలేదు. ఐనను ఆ ఫోనులు మాటలాడుట మానినవి. వెల యిచ్చి కొన్నవాని చేతిలో వస్తువు చెక్కుచెదరక యుండగనే, ఎక్కడనో ఎవరో ఒక మీట నొక్కగా, అది పలక ముక్కయైనది. పాతపద్ధతిని తీసి క్రొత్తపద్ధతి తెచ్చుట ప్రగతి కాదా యని అడుగువారు కలరు. ప్రగతియే. రైలుమార్గము వేయునపుడు పొలము పోగొట్టుకొన్న రైతునకు పరిహార మిచ్చుట కూడ ప్రగతిలో భాగమే కదా? రెండు కంపెనీలు చేతులు కలుపుకొన్న పెండ్లివిందులో పేదవాని పళ్లెము ఎందులకు లాగికొనవలెను?

ఫోనుకు వేసిన తాళమును తీసికొనుట నేరమా, హక్కా యను వివాదముగూడ ఆ కాలముననే చెలరేగినది. అది వినినవారికి నవ్వు రాక మానదు. అమెరికాలో గ్రంథస్వామ్య చట్టమొకటి గలదు, 1998లో చేసినది. దొంగప్రతులను అరికట్టుటకై చేసిన ఆ చట్టపు వలలో ఫోను తాళముగూడ చిక్కుకొన్నది. ఏది మినహాయింపో ఏది కాదో మూడేండ్లకొకసారి నిర్ణయించు అధికారము పుస్తకభాండాగారపు అధిపతికి దక్కినది! ఆయన 2012 అక్టోబరులో చేసిన నిర్ణయముచేత, 2013 జనవరి 26 తరువాత కొన్న ఫోనులకు కంపెనీ అనుమతి లేక తాళము తీయుట చట్టవిరుద్ధమైనది. తన సొమ్ముతో కొన్న పెట్టెను తన యింట తెఱచికొన్నవాడు నేరస్థుడైనాడు. జనులు ఊరకుండలేదు. లక్షా పదునాలుగువేలమందికి పైగా సంతకములు చేసి అధ్యక్షభవనమునకు అర్జీ పంపిరి. తుదకు 2014 ఆగస్టు 1న అధ్యక్షుడు ఒబామా తాళము తీసికొనుటకు వీలు కల్పించు చట్టముపై సంతకము చేసినాడు. కంపెనీల సంఘమువారును స్వచ్ఛందముగా నియమములు వ్రాసికొనిరి. అందు ముందుసొమ్ము ఫోనులకు వారు నిర్ణయించిన గడువు, మొదలుపెట్టిన నాటినుండి ఒక యేడాది. మేము పైన చెప్పిన లెక్కను పాఠకులు మఱల స్మరింతురు గాక. ఒడంబడిక ఫోను తాళమునకు ఒక సాకు కలదు, అప్పు తీరలేదు. ముందుసొమ్ము ఫోనుకు ఏ సాకు గలదు? కొట్టులో బియ్యము కొని సొమ్ము చెల్లించినవానితో, ఏడాదివఱకు మా కుండలోనే వండవలె ననిన యెవడైన నూరకుండునా? కంపెనీలు తక్కువ లాభమునకో నష్టమునకో ఫోను నమ్మి, సేవలో రాబట్టుకొనుచున్నవని వారి పక్షమువారందురు. అట్లైనచో ఆ సంగతిని ఫోను పెట్టెమీద అచ్చువేయవలెను: ఇంత సొమ్ము మేము పెట్టితిమి, ఇన్ని నెలలకు మీది యగును అని. అచ్చువేయని అప్పు అప్పు కాదు.

ఇక ఇంటర్నెట్టు సంగతి. మా దృష్టిలో అన్నిటికంటె బరువైన దోష మిదియే.

2010 డిసెంబరు 21న అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్సు కమీషను ముగ్గురు అవునని, ఇద్దఱు కాదని ఓటువేయగా, ఇంటర్నెట్టు స్వేచ్ఛను గుఱించి నియమములు చేసినది. ఇంటికి తీగెతో వచ్చు ఇంటర్నెట్టులో కంపెనీవారు ఒక సైటును ఆపి మఱియొకదానిని పంపరాదు, అకారణముగా భేదము చూపరాదు అని నిశ్చయించిరి. మంచిది. గాలిలో వచ్చు ఇంటర్నెట్టునకు మాత్రము చేయి సడలించిరి. సైటులను ఆపరాదు, కంపెనీ టెలిఫోను వ్యాపారమునకు పోటీవచ్చు అప్లికేషనులను ఆపరాదు, అంతే. భేదము చూపరాదను నియమము అక్కడకు రాలేదు. నాలుగు గోడల యింటిలో కంప్యూటరు పెట్టుకొన్నవానికి నిండు నియమము, చేతిలో ఫోను తప్ప వేఱు దిక్కులేనివానికి సగము నియమము.

ఈ సడలింపు ఏమి చేసినదో చూచుటకు నెలదినములు పట్టలేదు. 2011 జనవరిలో మెట్రోపీసీఎస్ వారు ఎల్‌టీఈ పథకములు ప్రకటించిరి. 40 డాలర్ల పథకమున వెబ్బుసైటులు చూడవచ్చును, యూట్యూబు ఎంతయైనను చూడవచ్చును. మిగిలిన చలనచిత్రములు, స్కైపువంటి మాటల సేవలు ఆ ధరలో లేవని ఫ్రీ ప్రెస్ మొదలగు ప్రజాసంఘములు కమీషనునకు ఫిర్యాదు చేసినవి. 60 డాలర్లు చెల్లించినవానికి తలుపులన్నియు తెఱచియుండును. కంపెనీవారి సమాధానము: మాకున్న గాలిమార్గము ఇఱుకు, యూట్యూబును మేము కుదించి పంపగలము, అందఱినీ కుదింపలేము. ఇఱుకు మార్గమను మాట అబద్ధమని మేమనము. కాని ఇఱుకైన వీథిలో బండ్లను ఆపవలసి వచ్చినపుడు వరుసగా ఆపుదుమా, లేక ఒక సేఠుగారి బండిని మాత్రము పోనిత్తుమా? డేటాను కొలత పెట్టి అమ్మవచ్చును. ఇన్ని మెగాబైట్ల తరువాత వేగము తగ్గుననవచ్చును. దేనిని చూడవలెనో నిర్ణయించు హక్కు కొన్నవానిదే. ఆ హక్కుకు 20 డాలర్ల వేఱు వెల కట్టుట న్యాయమా? ఇది చాలక ఆ కంపెనీవారు ఆ సగము నియమముగూడ మాకు వలదని, వెరైజన్ వెంబడి కోర్టుకెక్కిరి. టీమొబైల్‌లో కలిసిన పిదప 2013లో ఆ దావాను విడిచిరి. వెరైజన్ విడువలేదు, 2014 జనవరిలో కోర్టు ఆ నియమములలో ముఖ్యభాగమును కొట్టివేసినది. 2015లో కమీషను ఫోనునకును తీగెకును సమానముగా కఠిననియమములు చేసినది; 2017లో తానే రద్దుచేసినది; 2024లో మఱల తెచ్చినది; 2025 జనవరిలో అప్పీలు కోర్టు త్రోసివేసినది. పరమపదసోపానపటములో పాచికలు కంపెనీలవి, పాముల వాత పడువారు జనులు.

ఇది కేవలము సినిమా బొమ్మల తగాదా యనుకొనువారికి ఒక లెక్క. ప్యూ పరిశోధనాలయమువారు 2015లో ప్రకటించిన నివేదిక ప్రకారము, అమెరికాలో సాలుకు 30,000 డాలర్లకు తక్కువ రాబడిగల కుటుంబములలో నూటికి 13 మందికి ఇంటర్నెట్టునకు స్మార్టుఫోనే ప్రధానమైన ఆధారము. 75,000 డాలర్లకు పైబడిన కుటుంబములలో అట్టివారు నూటికి ఒక్కరు. ఇట్లు ఫోనుపైననే ఆధారపడినవారిలో నూటికి 48 మంది ఎప్పుడో ఒకప్పుడు సొమ్ము చాలక సేవను మానుకొనవలసి వచ్చినది. ఇప్పుడు పాఠకులే చెప్పుదురు గాక. సగము నియమము ఎవరిమీద పడినది? ధనికునికి ఫోను ఇంటికి కిటికీ; పేదవానికి అదియే ద్వారము, అదియే దూలము. కిటికీకి తెర వేసిన ధనికుడు ద్వారముగుండ పోవును. పేదవాడు ఎటు పోవలెను?

మన యింటి సంగతియు ఇందు కలదు. ఇంటర్నెట్.ఆర్గ్ అను పేర ఫేస్‌బుక్కువారు తాము చేర్చుకొన్న కొలది సైటులను మాత్రము ఉచితముగా చూపు పథకమును 2015 ఫిబ్రవరిలో రిలయన్సు కంపెనీతో కూడి మన దేశమున మొదలుపెట్టిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశమును, తెలంగాణమును ఉన్నవి. పేదలకు దానమని ఢంకా మ్రోగించిరి. దేశమంతటినుండి పది లక్షలకు పైబడిన లేఖలు టెలికాం నియంత్రణ సంస్థకు చేరినవి. 2016 ఫిబ్రవరి 8న ఆ సంస్థ, చూచెడి విషయమునుబట్టి డేటాకు వేఱువేఱు ధరలు పెట్టరాదని శాసించినది. ఈ ఒక్క విషయమున అమెరికా తడబడిన చోట మనము తడబడలేదు. ఇది చెప్పుకొనుటకు మాకు సంకోచము లేదు. కాని తాళము సంగతిలో మనము గొప్పలకు పోరాదు. 2003లో 501 రూపాయలు ముందు చెల్లించినవారికి రిలయన్సువారు చేతికిచ్చిన ఫోనులును సీడీఎమ్‌ఏ పద్ధతివే, ఆ కంపెనీకి కట్టువడినవే. 2017లో 1,500 రూపాయల ధరావతుపై వచ్చిన జియోఫోను జియో సిమ్ముతో తప్ప పనిచేయలేదు. రిక్షా కార్మికుడు మొదలు పాలమ్మునట్టి తల్లివఱకు వీనిచే ఎందఱు బాగుపడిరో మేమెఱుగుదుము. బాగుపడుటకు మారుగా ఆజన్మము ఒకే కొట్టులో సరకు కొనవలె ననుట మాత్రము మాకు మింగుడుపడదు.

చౌక ఫోను లోపలి సాఫ్టువేరు సంగతి రెండుమాటలలో ముగింతము. ఆండ్రాయిడ్ 2.2 వెలువడినది 2010 మేలో. కొన్ని నెలల తరువాత అంగడికి వచ్చిన అసెండ్‌లో నున్నది 2.1. అనగా పేదవాడు క్రొత్తగా కొన్ననాడే పాతది కొన్నాడు. పాతబడిన సాఫ్టువేరన్న గడియ విఱిగిన తలుపు. లోనికి దొంగలు వచ్చుటకు వీలు. అటుతరువాత వచ్చిన చౌక ఫోనులలో కొన్నిటికి దొంగ వెలుపలనుండి రానక్కఱ లేకపోయినది. బ్లూ అను ఫ్లోరిడా కంపెనీవారి ఫోనులలో ఆడప్స్ అను చైనా సంస్థ సాఫ్టువేరు, కొన్నవానికి తెలియకుండ అతని సందేశములను, పరిచయస్థుల పట్టికను చైనాలోని సర్వరులకు చేరవేయుచున్నదని 2016 నవంబరులో క్రిప్టోవైర్ సంస్థ బయటపెట్టినది. తన ఫోనులలో 1,20,000 దీనికి లోనైనవని బ్లూ కంపెనీయే ఒప్పుకొన్నది. 2018లో ఫెడరల్ ట్రేడ్ కమీషనుతో రాజీపత్రము వ్రాసినది. అంతకంటె రోతయైనది 2020 జనవరిలో మాల్‌వేర్‌బైట్స్ పరిశోధకులు చెప్పినది. ప్రభుత్వపు లైఫ్‌లైన్ సహాయము క్రింద బీదలకు 35 డాలర్లకు అమ్మిన ఒక ఫోనులో, తీసివేయుటకు వీలులేని దుష్ట సాఫ్టువేరు ముందుగనే అమర్చియున్నదని వారు నివేదించిరి. అమ్మిన కంపెనీ కాదన్నది. సర్కారు సొమ్ముతో, సర్కారు ముద్రతో, బీదవాని యింటిలోనికి వేగులవాడు!

హువావే పేరు ఎత్తగానే కొందఱు పాఠకులు ఆ దేశపు ప్రతినిధిసభ నివేదికను తలంతురు. 2012 అక్టోబరు 8న ఆ సభ గూఢచారవిషయముల సంఘము హువావే, జడ్‌టీఈ కంపెనీల సామగ్రి దేశభద్రతకు ముప్పని హెచ్చరించినది. 2019 మేలో అమెరికా వాణిజ్యశాఖ హువావేను ఆంక్షల పట్టికలో చేర్చినది. రాజ్యము తన రహస్యములను కాపాడుకొనుటను మేము తప్పుపట్టము. సభలు కూడి, సాక్షులను పిలిచి, పుటలకు పుటలు నివేదికలు వ్రాసిన ఆ శ్రద్ధలో పదవవంతైనను, ఆ ఫోను కొన్న కూలివాని తాళమునుగుఱించి, అతని ఫోను పలకముక్కయగుట గుఱించి కనబడలేదని మాత్రము చెప్పక తప్పదు.

చౌకగా దొరకినదానికి ఇన్ని షరతులు పెట్టరాదని, అట్లు పెట్టిన చౌక ఫోనే రాదని, అపుడు పేదవాడు ఉన్నదియు పోగొట్టుకొనునని ఒక వాదము కలదు. ఇది బలహీనమైన వాదము కాదు. అందుచేతనే దీనికి బదులు చెప్పవలెను. మేము కోరునది ధర తగ్గింపు కాదు, దానము కాదు. సొమ్ము చెల్లించిన నాడే తాళము తీసి యిండు. ఎన్ని సంవత్సరములు సాఫ్టువేరును బాగుచేయుదురో పెట్టెమీద అచ్చువేయుడు. రెండేండ్లైన రెండేండ్లని, ఏమియు లేకున్న ఏమియు లేదని. నెట్‌వర్కు ఆర్పునాడు పనిచేయుచున్న ఫోనుకు బదులు పనిచేయు ఫోను నిండు. ఇంటర్నెట్టును కొలిచి అమ్ముడు, ఏరి అమ్మకుడు. వీనిలో దేనికి ఫోను తయారుచేయు ఖర్చు రెట్టింపగునో లెక్కవేసి చూపువారు ముందుకు రావలెను. తాళము వేయుటకు ఖర్చు కలదు; వేయకుండుటకు ఏమి ఖర్చు?

ఫోను మొదలుపెట్టిన అరువది దినములకు కంపెనీలన్నియు తాళము తీయవలెనను ప్రతిపాదనను ఫెడరల్ కమ్యూనికేషన్సు కమీషను 2024 జూలైలో చర్చకు పెట్టినది. ఒడంబడిక ఫోనులకు ఆ అరువది దినములు ఉండిన నుండనిండు. నిండువెల చెల్లించిన ఫోనుకు అరువది దినములు దేనికొఱకో మాకు బోధపడలేదు. ఒక్క దినము చాలును; అదియు రసీదు వ్రాయుటకు.